ఉద్దానం కిడ్నీ క్యాంపుల్లో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే వ్యర్థం) ఒక్కటే చాలా? మూత్రం కూడా చూడాలా?

సోంపేట_ల్యాబ్: కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు పెట్టే క్యాంపుల్లో రక్తం తీసి క్రియాటినిన్ చూస్తే చాలంటాను. ఉద్దానం కిడ్నీ జబ్బులో ముందు దెబ్బతినేవి కిడ్నీ లోపలి సన్నని మూత్రనాళికలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అందుకే మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్లు వాయవు, చాలామందికి బీపీ కూడా మామూలే. మూత్రంలో రంగు మారే స్ట్రిప్ ముంచి ప్రొటీన్ "నిల్" అని రాసిస్తే లేనిపోని ధైర్యం ఇచ్చినట్టే.

గ్లోమెరులస్: క్రియాటినిన్ అంకె మాత్రం మోసం చేయదా? 1.1 వచ్చిందనుకోండి. 2021 సీకేడీ-ఈపీఐ అనే సూత్రం లెక్కలో 25 ఏళ్ల కుర్రాడికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) 95 దగ్గర. అదే 1.1 అరవయ్యేళ్ల ఆవిడకి వస్తే 57, అంటే కిడ్నీ పని తగ్గిందనే 60 గీతకి కింద. స్లిప్పు మీద ఇద్దరికీ "నార్మల్" అనే ఉంటుంది! పైగా బక్కపల్చని మనిషికి కండ తక్కువ, క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. అసలు పనితీరు ఆ 57 కన్నా కిందే ఉండొచ్చు.

సోంపేట_ల్యాబ్: ఒప్పుకున్నా. వయసు, ఆడా మగా కొడితే ఈజీఎఫ్ఆర్ వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ అందరికీ ఏసీఆర్ (మూత్రంలో క్రియాటినిన్‌తో పోల్చి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్ష) అంటే కిట్లు ఎక్కడివి?

పీహెచ్‌సీ_డాక్టర్: షుగరున్న వాళ్లకి మాత్రం తప్పదండీ. వాళ్లలో క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ల ముందే ఆల్బుమిన్ పోవడం మొదలవుతుంది. గ్రాము క్రియాటినిన్‌కి 30 మిల్లీగ్రాములు వచ్చిందంటే వదలకూడదు. పొద్దున్నే మొదటి మూత్రం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉంటే ఆగాలి. ఎండలో పనిచేసి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు, నీళ్లు తాగించి కొన్నాళ్లకి మళ్లీ చూడండి. 3 నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు అనాలి.

టెక్కలి_వాసి: తెలిసి మాత్రం ఏం లాభం? నయం చేసే మందు లేదుగా.

పీహెచ్‌సీ_డాక్టర్: ఎందుకు లేదు లాభం? ఒళ్లునొప్పులకని వేయించుకునే, కిడ్నీకి చేటు చేసే డైక్లోఫెనాక్ సూది ఆ రోజే ఆపించొచ్చు. బీపీ ఎక్కువుండి ఆల్బుమిన్ పోతుంటే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే భయపడి మాత్ర మానేయక్కర్లేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తగ్గేదాకా ఆపాలి. పొటాషియం ఎక్కువున్న వాళ్లకి కొబ్బరినీళ్లు వద్దు, కొబ్బరితోటల మధ్య ఈ మాట ఎవరికీ రుచించదు! "లో సోడియం" ఉప్పూ వద్దు, అందులో ఉండేది పొటాషియమే.

సోంపేట_ల్యాబ్: అయితే అందరికీ ఈజీఎఫ్ఆర్, షుగరు, బీపీ ఉన్నవాళ్లకి ఏసీఆర్. స్ట్రిప్ తీసేద్దాం.

గ్లోమెరులస్: అక్కడే నాకు కుదరదు. స్ట్రిప్‌లో మూత్రంలో రక్తం పడుతోందా అని చూపే గడి కూడా ఉంటుంది కదా. ఐజీఏ నెఫ్రోపతీ (మూత్రంలో రక్తం పడే ఒక కిడ్నీ జబ్బు) ఉన్న కుర్రాడికి షుగరుండకపోవచ్చు, క్రియాటినిన్ ఇంకా పెరగకపోవచ్చు. మీ లెక్కలో అతను నేరుగా ఇంటికెళ్లిపోతాడు.