ఎం.టెక్ రెండో ఏడాది (స్ట్రక్చరల్): థీసిస్ సబ్మిట్ చేసేలోపు ఏది ముందు, ఏది తర్వాత?

బాపట్ల_బీమ్
జేఎన్‌టీయూ అఫిలియేటెడ్ కాలేజీ, థర్డ్ సెమ్ మొదలవుతోంది. టాపిక్: ఎం40 (28 రోజులకు 40 ఎంపీఏ బలం) కాంక్రీటులో సిమెంటు బదులు ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్ల సన్న బూడిద) 0, 10, 20, 30, 40 శాతం. 7, 28, 90 రోజుల స్ట్రెంగ్త్ చూడాలి. ఒక ఓపెన్ ఎలక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చేసుకోవచ్చన్నారు. ఫస్ట్ సెమ్ సబ్జెక్టు ఒకటి మిగిలింది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎలా సర్దుకోవాలి? పూర్తిచేసినవాళ్లు, గైడ్లుగా ఉన్నవాళ్లు చెప్పండి.

రెగ్యులేషన్_రాజు
ముందు ఆ మిగిలిన సబ్జెక్టు సంగతి చూడు తమ్ముడూ. థీసిస్ ఎంత బాగున్నా థియరీ, ల్యాబులు అన్నీ పాసయితే తప్ప సబ్మిషన్ తీసుకోరు. చాలాచోట్ల ఫస్ట్ సెమ్ సప్లీని జూనియర్ల రెగ్యులర్ పరీక్షలతో కలిపే పెడతారు. అంటే ఏడాదికి ఒక్క ఛాన్సు. నోటిఫికేషన్ కాలేజీ గ్రూపులో వస్తుందిలే అనుకోకు, వర్సిటీ సైటులో నువ్వే చూసుకో. లేట్ ఫీజు గడువు కూడా దాటితే ఇంకో ఏడాది.

రెండోది ఆడిట్ కోర్సులు. ఏఐసీటీఈ 2018 మోడల్ కరిక్యులమ్ ప్రకారం ఎం.టెక్ 68 క్రెడిట్లు. అందులో రెండు ఆడిట్ కోర్సులకు క్రెడిట్ సున్నా: రీసెర్చ్ పేపర్ రైటింగ్, డిజాస్టర్ మేనేజ్‌మెంట్, యోగా లాంటివి. సున్నాయే కదా అని వదిలేస్తారు. 68 లెక్క సరిపోయినా ఆడిట్ కోర్సు దగ్గర ఖాళీ ఉంటే డిగ్రీ రాదు. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం ప్రింట్ తీసి, మెమోలు పక్కన పెట్టుకుని సబ్జెక్టు సబ్జెక్టూ టిక్కు పెట్టుకో. సీనియర్ల మాట మీద పోవద్దు, వాళ్ల రెగ్యులేషన్ వేరు కావచ్చు.

స్వయం_సత్య
ఎన్‌పీటీఈఎల్ గురించి. 12 వారాల కోర్సు అయితేనే 3 క్రెడిట్లు. 8 వారాలది 2, 4 వారాలది 1. 8 వారాల కోర్సు చేసి 3 క్రెడిట్ల సబ్జెక్టు కింద రాయమంటే ఎగ్జామ్ బ్రాంచి ఒప్పుకోదు.

కోర్సులో చేరడం ఉచితం. పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసి ఫీజు కట్టాలి, దాని గడువు వేరు. చాలామంది చేరామనుకుని అక్కడే ఆగిపోతారు. 12 వారాల కోర్సులో బెస్ట్ 8 అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్లో రాసే పరీక్షకు 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30, రెండూ విడివిడిగా రావాలి. పరీక్షలో 60 వచ్చినా అసైన్‌మెంట్లు 9 దగ్గర ఆగితే సర్టిఫికెట్ లేదు. జూలైలో మొదలయ్యే కోర్సే తీసుకోండి. జనవరి కోర్సు పరీక్ష, రిజల్టు వచ్చేసరికి మీ థీసిస్ సబ్మిషన్ నెత్తిమీదుంటుంది. ఆ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులో హెచ్‌ఓడీ చేత ముందే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట తర్వాత పనిచేయదు.

ల్యాబ్_లక్ష్మణ్
అసలు టైం తినేది కాంక్రీటు. 90 రోజుల్ని ఎవరూ 80 చేయలేరు, కాబట్టి అక్కణ్నుంచి వెనక్కి లెక్కేయాలి. ట్రయల్ మిక్స్ (పాళ్లు సరిచూసే నమూనా) 28 రోజుల రిజల్టు చూడకుండా మెయిన్ కాస్టింగ్ మొదలెట్టకూడదు. 28 రోజులు ట్రయల్, రెండు వారాలు కాస్టింగ్, 90 రోజులు క్యూరింగ్ (నీళ్లలో ఉంచడం): ఇక్కడికే నాలుగున్నర నెలలు. దాని మీద రిపోర్టు రాయడం, పీఆర్‌సీ (ప్రాజెక్ట్ రివ్యూ కమిటీ) రివ్యూలు, సిమిలారిటీ చెక్ (కాపీ శాతం చూడటం). మెటీరియల్ ఈ నెలలోనే రావాలి.

ఎంత కావాలి అంటే: మిక్సుకి 150 మి.మీ. క్యూబులు 9 (ఒక్కో వయసుకి 3), 150×300 సిలిండర్లు 3, 100×100×500 ప్రిజమ్‌లు 3. క్యూబు ఘనపరిమాణం 0.003375, సిలిండర్ 0.0053, ప్రిజమ్ 0.005 క్యూబిక్ మీటర్లు. మొత్తం 0.061, వేస్టేజీ 15 శాతం వేస్తే 0.07. ఐదు మిక్సులకు 0.35, మూడు ట్రయల్స్‌కు ఇంకో 0.07. క్యూబిక్ మీటరుకు బైండర్ (సిమెంటు, ఫ్లై యాష్ కలిపి) 400 కిలోలనుకుంటే 168 కిలోలు; ఫ్లై యాష్ పోను సిమెంటు 140 చిల్లర. మూడు బస్తాలు బొటాబొటీ, కాబట్టి నాలుగు కొనండి, అన్నీ ఒకే వారం ముద్రున్నవి. మధ్యలో బస్తా మారితే 20 శాతానికీ 30 శాతానికీ మధ్య తేడా ఫ్లై యాష్‌దో సిమెంటుదో చెప్పలేరు. కంకర అర టన్ను, ఇసుక 300 కిలోలు పైన, అన్నీ ఒకేసారి దింపించి టార్పాలిన్ కింద పెట్టండి.

ల్యాబ్_లక్ష్మణ్
మర్చిపోయా. షాపులో "53 గ్రేడ్ ఇవ్వు" అంటే సరిపోదు, బస్తా మీద ఓపీసీ (ఫ్లై యాష్ కలపని మామూలు సిమెంటు) అని చదివి తీసుకోండి. ఎక్కువగా దొరికేది పీపీసీ. దాంట్లో అప్పటికే 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ ఉంటుంది. దాని మీద మీరు 20 శాతం కలిపితే టేబుల్లో 20 అని రాసుకుంటారు, క్యూబులో ఎంతుందో దేవుడికే తెలియాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదటి ప్రశ్నే ఇది.

మిక్స్_డిజైన్_మేడమ్
ఫ్లై యాష్ విషయంలోనూ ఇలాంటిదే. విజయవాడ, రామగుండం, సింహాద్రి థర్మల్ ప్లాంట్ల దగ్గర్లో ఉన్నవాళ్లు యాష్ పాండ్ (తడి బూడిద చెరువు) నుంచి బస్తాలో ఎత్తుకొస్తారు. అది పనికిరాదు, ఈఎస్‌పీ (పొగలోంచి బూడిద పట్టే యంత్రం) దగ్గర పట్టిన పొడి బూడిదే కావాలి. 45 మైక్రాన్ జల్లెడ మీద తడి జల్లింపులో 34 శాతం కన్నా ఎక్కువ మిగలకూడదు, ఎల్‌ఓఐ (కాలిస్తే తగ్గే బరువు) 5 శాతం దాటకూడదు (భారత ప్రమాణాల కోడ్ ఐఎస్ 3812 పార్ట్ 1). ఈ రెండు టెస్టులు థీసిస్ మూడో చాప్టర్లో ఉంటే సగం ప్రశ్నలు రావు.

టార్గెట్ స్ట్రెంగ్త్ (మిక్సుకు గురిపెట్టే బలం) పాత పద్ధతిలో రాయకండి. ఐఎస్ 10262:2019లో రెండు సూత్రాలు: ఎఫ్‌సీకే ప్లస్ 1.65 ఎస్, ఎఫ్‌సీకే ప్లస్ ఎక్స్. ఏది ఎక్కువైతే అది (ఎఫ్‌సీకే గ్రేడు బలం, ఎస్ స్టాండర్డ్ డీవియేషన్, ఎక్స్ కోడ్ టేబుల్లోని అంకె). ఎం40కి 1.65×5 కలిపితే 48.25, ఎక్స్ 6.5 కలిపితే 46.5. కాబట్టి 48.25. జవాబు మారకపోయినా రెండూ వేసి చూపించాలి, 2009 కోడ్ కాపీ కొట్టలేదని అప్పుడే తెలుస్తుంది.

ఇక నీళ్లు. రోబో శాండ్ (రాతి పొడి ఇసుక) బయట తడిసి 3 శాతం తేమతో ఉంటే, క్యూబిక్ మీటరుకు 700 కిలోల ఇసుకలో 21 లీటర్ల నీళ్లు దాక్కుని ఉన్నట్టు. ఇసుక ఎలాగూ కొంత పీల్చుకుంటుందనుకున్నా మిగతాది మిక్సులోకే వస్తుంది. మొత్తం తీసివేయకుండా కలిపితే 0.40 అనుకున్న వాటర్ సిమెంట్ రేషియో 0.45 దగ్గరికి పోతుంది. ఎండాకాలం దీనికి ఎదురు: ఎండిన ఇసుక నీళ్లు లాగేసి స్లంప్ (తడి కాంక్రీటు జారుడు) పడిపోతుంది, పిల్లలు మగ్గుతో నీళ్లు పోసేస్తారు. పోయకండి, నీళ్లు పెంచకుండా జారుడు పెంచే సూపర్ ప్లాస్టిసైజర్‌తో సర్దండి. కాస్టింగ్ రోజు పొద్దున్నే అరకిలో ఇసుక పెనం మీద వేయించి తేమ చూస్తే చాలు, పావుగంట పని.

బాపట్ల_బీమ్
మేడమ్, క్యూబుల టెస్టింగ్‌లో ఏం జాగ్రత్త? మా ల్యాబ్ సీటీఎం (క్యూబును నొక్కి పగలగొట్టే మెషీన్) చేత్తో తిప్పేది.

మిక్స్_డిజైన్_మేడమ్
లోడింగ్ రేటు. నిమిషానికి చదరపు సెం.మీ.కి 140 కిలోలు, అంటే 150 క్యూబుకి సెకనుకు 5.2 కిలోన్యూటన్ల చొప్పున. ఎం40 క్యూబు 1,085 కిలోన్యూటన్ల దగ్గర పగలాలి కాబట్టి మూడున్నర నిమిషాలు పట్టాలి. వాల్వు ఒక్కసారి తెరిచి నిమిషంలో పగలగొడితే స్ట్రెంగ్త్ ఎక్కువ చూపిస్తుంది. చేతి మెషీన్ అయితే ఒకరు ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని, ప్రతి పది సెకన్లకు 52 పెరిగిందా అని పైకి చెబుతుండాలి. పోత పోసిన పైముఖం ప్లేటుకు తగలకూడదు, పక్క ముఖాలే తగలాలి. ట్యాంకులోంచి తీశాక ఉపరితలం తుడిచి తడిగా ఉండగానే పెట్టాలి.

మూడు క్యూబుల్లో ఏదైనా సగటుకి 15 శాతం కన్నా అటూఇటూ పోతే ఆ సెట్టు చెల్లదని ఐఎస్ 456 అంటుంది. అందుకే ప్రతి మిక్సుకీ 28 రోజులకి ఒక్క క్యూబు అదనంగా వేసుకోవడం నయం. నాలుగులో మూడు మంచివి ఏరుకోవడానికి కాదు సుమా, ఒకటి అచ్చు విప్పే డీమౌల్డింగ్‌లో అంచు విరిగితే వాడుకోవడానికి.

ప్రిజమ్ ఎక్కడ పగిలిందో కొలవండి. 400 మి.మీ. స్పాన్‌లో దగ్గరి సపోర్టు నుంచి పగులు 13.3 సెం.మీ. దాటి ఉంటే మామూలు సూత్రం (పీఎల్ బై బీడీ స్క్వేర్), 11కీ 13.3కీ మధ్య ఉంటే 3పీఏ బై బీడీ స్క్వేర్ (పీ లోడు, ఎల్ స్పాన్, ఏ ఆ పగులు దూరం, బీ వెడల్పు, డీ లోతు), 11 కన్నా తక్కువైతే ఆ నమూనా పక్కన పడేయాలి. ఈ "ఏ" కొలత నోట్ బుక్కులో లేని థీసిస్‌లే ఎక్కువ.

మెష్_మాధవి
ప్రయోగంతోపాటు కంప్యూటర్లో బీమ్ మోడల్ కూడా చేయమని గైడ్ అడిగితే ఒక్క మాట. అబాకస్ సాఫ్ట్‌వేర్ లెర్నింగ్ ఎడిషన్‌లో 1000 నోడ్లే (మోడల్ బిందువులు). రీయిన్‌ఫోర్స్‌డ్ బీమ్ దానికి చాలదు. అన్సిస్ స్టూడెంట్‌లో స్ట్రక్చరల్‌కు 1,28,000 దాకా ఉంది, హాయిగా సరిపోతుంది. మెష్ (మోడల్‌ను విడగొట్టే గడులు) 50, 25, 20 మి.మీ. మూడు సైజుల్లో నడిపి డిఫ్లెక్షన్ మారడం ఆగిందని గ్రాఫు పెట్టండి. రంగుల బొమ్మలు ఇరవై పేజీలు అక్కర్లేదు. కాంక్రీటు దెబ్బతినడాన్ని లెక్కించే డ్యామేజ్ ప్లాస్టిసిటీ మోడల్ వాడితే, కన్వర్జ్ కావట్లేదని (లెక్క తేలట్లేదని) విస్కాసిటీ పారామీటర్ పెంచేస్తారు. అది పెంచేకొద్దీ బీమ్ లేని బలం చూపిస్తుంది.

రెగ్యులేషన్_రాజు
సిమిలారిటీ చెక్ గురించి ఎవరూ రాయలేదు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా పర్లేదు. 10 నుంచి 40 అయితే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఎం.టెక్ థీసిస్‌కు వర్సిటీలు విడిగా పరిమితి పెట్టుకుంటాయి, మీ సర్క్యులర్లో ఉన్న అంకె చూసుకోండి. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రాకూడదు, వరుసగా 14 పదాల లోపు కలిసినవీ అంతే. కానీ ఆ ఫిల్టర్లు ఎవరో ఒకరు నొక్కాలి. లైబ్రరీవాళ్లకు ఫైలిచ్చేటప్పుడే అడగండి.

ముఖ్యమైనది: మొదటిసారి చెక్ చేయించేటప్పుడు డాక్యుమెంటు ఆ సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలో నిలవ కాకుండా పెట్టమనండి. నిలవైతే, దిద్ది రెండోసారి పెట్టినప్పుడు మీ థీసిస్ మీ థీసిస్‌తోనే 90 శాతం కలుస్తుంది. ఊళ్లో జిరాక్స్ సెంటర్లో డబ్బులిచ్చి చెక్ చేయించినా ఇదే ప్రమాదం. సివిల్‌వాళ్లకు ఎక్కువ శాతం వచ్చేది టెస్టు ప్రొసీజర్ల దగ్గర, ఐఎస్ కోడ్ వాక్యాలు దించేస్తారు కాబట్టి. కోడ్ నంబరు రాసి, మీ ల్యాబులో ఏ మెషీన్ మీద ఏం చేశారో రాయండి. సగం తగ్గుతుంది.

పేపర్_పద్మ
కాలేజీ పేపర్ అడిగితే: యూజీసీ కేర్ లిస్టు (గుర్తింపున్న జర్నళ్ల జాబితా) 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. "కేర్ లిస్టెడ్, మూడు రోజుల్లో పబ్లికేషన్" అని వచ్చే వాట్సాప్ మెసేజీలను నమ్మకండి. స్కోపస్ (జర్నళ్ల డేటాబేస్) అంటే స్కోపస్ సోర్సెస్ పేజీలో ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ నంబరు) కొట్టి చూడండి. కవరేజీ ఆపేసిన ఏడాది అక్కడే ఉంటుంది. పేరూ నంబరూ అసలు జర్నల్‌వే పెట్టి నకిలీ సైటు నడిపేవాళ్లున్నారు, కాబట్టి స్కోపస్ పేజీ నుంచే జర్నల్ సైటుకు వెళ్లండి. కేవలం 28 రోజుల రిజల్టులతో కాన్ఫరెన్స్ పేపర్ వేసేయవచ్చు, 90 రోజుల కోసం ఆగక్కర్లేదు.

బాపట్ల_బీమ్
అందరికీ థ్యాంక్స్. గేట్ స్కాలర్‌షిప్ నెలకు 12,400 వస్తోంది, అది మధ్యలో ఆగుతుందా?

రెగ్యులేషన్_రాజు
గరిష్ఠంగా 24 నెలలు. థీసిస్ ఆలస్యమై మూడో ఏడాదిలోకి వెళ్తే ఆ నెలలకు రాదు. ప్రతినెలా కాలేజీ పోర్టల్లో హాజరు ధ్రువీకరించాలి. ఎవరు చేస్తారో కనుక్కుని గుర్తు చేస్తూ ఉండు. ఇంకొకటి: థీసిస్ కవరు మీద, పరీక్ష దరఖాస్తులో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా అన్న తేడాతో పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమ్‌ల మార్కుల మెమో) దగ్గర ఇరుక్కుంటే దిద్దించడానికి నెలలు.

ల్యాబ్_లక్ష్మణ్
కాస్టింగ్ తేదీలు వేసేముందు ఇది చూసుకో. 7, 28 రెండూ ఏడుతో పోతాయి, కాబట్టి వారంలో ఏ రోజు కాస్టింగ్ చేస్తే ఆ రోజే టెస్టు. 90 మాత్రం వారంలో దాని ముందు రోజున పడుతుంది. సోమవారం పోస్తే 90వ రోజు ఆదివారం, ల్యాబుకి తాళం. శనివారం పోస్తే ఆదివారం డీమౌల్డ్ చేయాలి, అదీ కుదరదు. మంగళ, బుధ, గురు, శుక్ర వారాలే వాడు.

బాపట్ల_బీమ్
అయితే ఐదు మిక్సులూ దసరా సెలవులయ్యాక, అక్టోబరు మధ్యలో మంగళవారం నుంచి వరసగా వేసేస్తాను అన్నా. 30, 40 శాతం మిక్సులు ముందు.

ల్యాబ్_లక్ష్మణ్
అక్టోబరు 15 నుంచి 18 మధ్య వద్దు. 90 కలిపి చూడు, జనవరి 13 నుంచి 16. భోగి, సంక్రాంతి, కనుమ. సీటీఎం తాళం ఉన్న అటెండర్ ఊళ్లో ఉండడు.