'గోరానెడు' అంటే గోరు తగిలిందా, తగలబోతోందా?

కవి కొమ్మ వంచి పూలు కోయబోతే అవన్నీ 'మా ప్రాణము తీతువా' అని బావురుమనే పద్యం, కరుణశ్రీ 'పుష్పవిలాపం'లో మొదటిది. దాని రెండో పాదం దగ్గర ఆగిపోయాను. 'గోరానెడునంతలోన' అనా, 'గోరాడెడునంతలోన' అనా? పూలు బావురుమన్నది గోరు తగిలాకా, తగలకముందా?

— 'ఆడెడు' పొసగదండీ. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ఇక్కడ నకారం. పాదాల మొదళ్లు నేనొక, రానెడు చూడండి; 'గో' మొదటి పాదం చివరే ఉండిపోయింది.

— మూడో పాదం 'ప్రాణము' కదా మాస్టారూ?

— నణలకు ప్రాసమైత్రి ఉంది, డకారానికి లేదు. ఇక అర్థం అంటారా, 'ఎడు' తద్ధర్మార్థకం, జరిగిపోయిన పనిని చెప్పదు. తగిలి ఉంటే 'ఆనిన' అనేవారు. పైగా పూలు అడిగింది 'తీతువా' అని. తీయడం ఇంకా జరగలేదు.

— నేను వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. గోరు దిగితే కణకవచంలో, అంటే కణం గోడలో, ఉండే పెక్టిన్ అనే పదార్థం తెగుతుంది. పది పదిహేను చక్కెర అణువుల పొడవున్న ఆ ముక్కలను గుర్తుపట్టి మొక్క రక్షణ చర్యలు మొదలుపెడుతుంది. శిలీంధ్రం తన ఎంజైములతో కవచాన్ని కరిగించినా పుట్టేవి ఇలాంటి ముక్కలే. తన గోడ ముక్కే మొక్కకు ప్రమాద సూచన. ముక్క పుట్టందే మొర ఎక్కడిది? కాబట్టి గోరు ఆనింది, దిగింది కూడా.

— అక్కా, అంతకుముందే 'కొమ్మ వంచి' ఉంది, దాన్ని దాటేశారు. వంచితేనే కణకవచం సాగుతుంది. అరాబిడాప్సిస్ అని ప్రయోగాలకు వాడే చిన్న మొక్క ఉంది, దాని వేరును వంచి చూస్తే కణాల్లో కాల్షియం పెరిగింది. ఫెరోనియా అనే గ్రాహక ప్రోటీన్ లోపించిన మొక్కలో ఆ స్పందన మారిపోయింది. 2014 నాటి పరిశోధన ఇది. పూల బాధ వంపుతోనే మొదలైంది, గోటితో కాదు.

— అది మొలక వేరు తమ్ముడూ, పూలకొమ్మ కాదు. నా ఆధారం 'విరులన్నియు'. గోరు ఒక్క పువ్వుకి, ఏడ్చినవి అన్నీ. అదే అరాబిడాప్సిస్‌లో పురుగు ఒక ఆకు కొరికితే గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం బయటికొచ్చి, కాల్షియం అల ఒకటి రెండు నిమిషాల్లో దూరపు ఆకులకు చేరడం 2018లో కళ్లకు కట్టినట్టు చూపించారు. ఆ ఆకులు పురుగు రాకముందే జాస్మోనేట్ అనే రక్షణ హార్మోన్ తయారుచేసుకుంటాయి. కవి 'అన్నియు' ఊరికే వెయ్యలేదు.

— అన్నీ ఏడ్చింది కొమ్మ మొత్తం వంగింది కాబట్టి! నా మాటకే బలం.

— కవి 'అంతలోన' అన్నారు. మీ నిమిషాలు అందులో పట్టవమ్మా.

— అలాగైతే బరువంతా 'చివాల్న' మీద పడాలి. ఎంత విసురుగా వంచాడో అందులోనే ఉంది.

— 'చివాల్న' కాదు, 'చివాలున'. 'వాలున' అంటేనే భగణం, ఒక గురువు, రెండు లఘువులు. ల్న అంటే ఒక లఘువు పోతుంది.