ప్రాంప్ట్ ఇస్తే రాసేది కథా, హోంవర్కా?

మూలాపేట మాస్టారు:
మా నెల్లూరు వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే ఒక ప్రాంప్ట్, అంటే దీని మీద రాయండి అని ఒక విషయం, పెడుతున్నారు. నిన్నటిది ‘మీరు మర్చిపోలేని వాన’. సాయంత్రానికి పదకొండు కథలొచ్చాయి. తొమ్మిదింట్లో వేడి పకోడీలు, రెండింట్లో గొడుగు కింద ప్రేమ. చదివి చదివి నాకే జలుబు చేసింది. లోపల చెప్పాల్సింది ఉన్నవాడికి ఇంకొకరు విషయం అందించాలా? ఇప్పుడు డైరీ రాసుకోవడానికి కూడా ప్రశ్నలు కావాలట. మీరేమంటారు?

కావలి కుర్రాడు:
మాస్టారూ, అవధానాలకు వెళ్తారు కదా మీరు. అడిగేవాడు, అదే పృచ్ఛకుడు, పొంతన లేని పద్యపాదం సమస్యగా ఇచ్చి పూరించమంటాడు, దత్తపదికి పద్యంలో ఇమడ్చమని నాలుగు మాటలిస్తాడు, నిషిద్ధాక్షరిలో ఈ అక్షరం వాడొద్దంటూ అడుగడుగునా అడ్డం పడతాడు. అది ప్రాంప్ట్ కాక ఏంది? అక్కడ చప్పట్లు కొట్టి ఇక్కడ మూతి తిప్పుకుంటే ఎలా?

మూలాపేట మాస్టారు:
అది ఏళ్ల తరబడి సాధన చేసినవాడికి పెట్టే పరీక్ష అబ్బాయీ. రోజూ చేతికిచ్చే ఊతకర్ర కాదు.

పెన్నా గట్టు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే చాటువు ఉందిగా, ‘కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అని. ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమేమిటి? ఆ చిక్కే రాసేవాణ్ని కూర్చోనివ్వదు. పూరణలో ఏనుగులు పాండవులయ్యారు. అంతటి వీరులు విరాటుడి కొలువులో ఊడిగం చేయాల్సి వచ్చిందే అని. (అన్నట్టు మన తిక్కన గారు భారతం తెనిగించడం మొదలుపెట్టిందీ విరాటపర్వంతోనే.) ‘మర్చిపోలేని వాన’లో అలాంటి చిక్కు యాడుంది?

మొన్న గ్రూపులో నేనొకటి పెట్టాను. స్వర్ణాల చెరువు రొట్టెల పండగ తెలిసిందే, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక పేరుతో రొట్టె తీసుకుంటారు, తీరాక మరుసటేడు వచ్చి తాము అదే పేరుతో రొట్టె ఇస్తారు. నా ప్రాంప్ట్ ఇంతే: ‘వీసా రొట్టె తీసుకున్నవాడు మరుసటేడు రాలేదు. అతని బదులు ఇంకొకరు రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడ్డారు.’ ఒకావిడ తల్లిని రాసింది. కొడుకు అమెరికా వెళ్లిపోయాడు. ఈమె మోకాళ్లలోతు నీళ్లలో, తడిసిన కొంగులో రొట్టెతో, ‘వీసా రొట్టె’ అని పిలవడానికి నోరు రాక నిలబడి ఉంది. ఎవరి కొడుకునో పంపించేసినట్టవుతుందని. ఇంకో అబ్బాయి అప్పిచ్చిన బాబాయిని రాశాడు. ఆయన రొట్టె తుంచుతూ వడ్డీ లెక్క వేసుకుంటున్నాడు. రెండు కథలకీ పోలికే లేదు.

పాల లెక్క:
కథల సంగతి మీరు తేల్చుకోండి, నేను డైరీ గురించి చెప్తాను. 1986లో పెన్‌బేకర్, బీల్ అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరికి మామూలు విషయాలు, కొందరికి తమని బాగా బాధపెట్టిన సంఘటన. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లకి ఆ పూట మనసు ఇంకా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు కాలేజీ డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి ఇచ్చిన విషయం మీద రాస్తే ఉత్తదే అనడం నేను ఒప్పుకోను.

కానీ ఏం అడుగుతున్నారన్నది చూడాలి. మా నాన్న పోయాక ఫోన్లో ఒక డైరీ యాప్ వేసుకున్నా. ‘ఈరోజు మీరు కృతజ్ఞతగా ఉన్న మూడు విషయాలు?’ అని రోజూ అదే. మూడు వారాలు కాఫీ, ఎండ, పిల్లలు అని రాశా. అన్నీ అబద్ధాలే. ఒక రాత్రి చిరాకేసి నోటుపుస్తకం తీసి, ‘ఇవాళ ఏ వస్తువు కదపలేకపోయాను?’ అని నేనే రాసుకున్నా. నాన్న కళ్లజోడు పెట్టె. లోపల మడతపెట్టిన ఆర్టీసీ టికెట్టు, దాని వెనకాల ఆయన రాతలో పాల లెక్క. ఆ నెల రెండు రోజులు పాలు రాలేదని గుర్తు పెట్టుకున్నాడు. ఆ రాత్రి నాలుగు పేజీలు రాశాను.

కావలి కుర్రాడు:
అక్కా, ఇక నేనేం మాట్లాడను.

మూలాపేట మాస్టారు:
అమ్మా, చదివి కాసేపు అలాగే కూర్చున్నా. అయినా గమనించావా, నువ్వు రాసింది వాళ్ల ప్రశ్నకి కాదు, నీ ప్రశ్నకి. నేననేదీ అదే. గట్టు గారూ, ఆ బాబాయి కథ నాకు పంపండి. ఇవాళ్టి ప్రాంప్ట్ ‘స్నేహం’ అట, నేను సెలవు పెట్టేశా.

పాల లెక్క:
ఆ యాప్ ప్రశ్న మీద అంత కోపం రాకపోతే నాకు నాది తట్టేదే కాదు మాస్టారూ.