బోరు నీళ్ల ఊళ్లో వంకీల జుట్టుకు జెల్ కొనడం దండగేనా?

నల్గొండ వంకీలు:
మాది నల్గొండ. నా జుట్టు పూర్తి ఉంగరాలూ కాదు, సాఫీగానూ ఉండదు. తడిగా ఉన్నంతసేపు వంకీలు చక్కగా కనబడతాయి. ఆరిందంటే చెవుల పక్కన లేచి నిలబడుతుంది. స్కూటీ మీద బడికి చేరేసరికి ఎవరితోనో జుట్టు పట్టుకొని కొట్లాడి వచ్చినట్టుంటా. నూనె పెట్టి గట్టిగా జడేస్తే అన్నీ సర్దుకుంటాయని మా పెద్దమ్మ అంటుంది. కడగకుండా జుట్టుకే వదిలేసే లీవ్-ఇన్ క్రీము రాసి పైన జెల్ పెట్టమని స్టాఫ్‌రూంలో తోటి టీచరు. ఇవన్నీ ఎందుకు, మందు పెట్టి వంకీలు సాపు చేసే స్మూతెనింగ్ చేయించుకోమని పార్లర్‌వాళ్లు. టీచరు మాట విని రెండూ కొన్నా. ఆరాక తెల్లటి పొట్టు భుజాల మీద రాలింది, పిల్లలు చుండ్రనుకున్నారు. స్నానానికి మాకు బోరు నీళ్లే. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికీ వంటకూ పట్టుకుంటాం. ఇట్లాంటి నీళ్లతో ఈ జెల్లూ క్రీములూ పనిచేస్తాయా, పైసలు దండగేనా?

కుంకుడు రసం:
దండగే. ఐదారు వందల డబ్బా నెల తిరగకుండా అయిపోతుంది. మా అమ్మవీ వంకీలే, జడ నడుము దాటి ఉండేది. శనివారం రాత్రి కొబ్బరినూనె, ఆదివారం పొద్దున కుంకుడుకాయలు, ఆరినంక జడ. బతుకమ్మ రోజుల్లో ఆ జడ నిండా పూలు. ఏ జెల్ పెట్టింది? జుట్టు విరబోసుకొని తిరగాలనే షోకు వచ్చాకే ఈ తిప్పలన్నీ.

పాలమూరు పార్లర్ అక్క:
షోకైతే షోకే, తప్పేముంది? జడ వేసుకునేవాళ్లు జడ వేసుకోండి. ఆ చెల్లె అడిగింది జడ గురించి కాదు.

నూనెకూ జెల్‌కూ పోటీ పెట్టడమే అర్థం లేని పని. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తలస్నానానికి ముందు పెడితే, కడిగేటప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోవడం తగ్గుతుంది. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనెకు ఈ గుణం కనబడింది, పొద్దుతిరుగుడు నూనెకూ మినరల్ ఆయిల్‌కూ కనబడలేదు. ఆ లెక్కన మీ పెద్దమ్మ మాట నిజమే. కానీ నూనె వంకీని పట్టి ఉంచలేదు. జెల్‌లో ఉండే పాలిమర్ ఆరినప్పుడు వెంట్రుకల గుత్తి చుట్టూ సన్నటి పొర కడుతుంది, వంకీ చెదరకుండా ఆపేది ఆ పొరే.

ఇక ఆ తెల్ల పొట్టు. క్రీముకూ జెల్‌కూ పొంతన కుదరనప్పుడు అట్లా అవుతుంది. కొనే ముందు షాపులో శాంపిల్ ఉంటే అరచేతిలో రెండూ కొంచెం కొంచెం వేసి వేలితో కలపండి. నునుపుగా కలిసిపోతే సరే. విరిగి గింజలు గింజలుగా అయితే ఆ జంట మీకొద్దు. జెల్ సగం ఆరిన జుట్టుకు పెట్టినా, మరీ ఎక్కువ పెట్టినా పొట్టు రాలుతుంది. నీళ్లు కారుతున్న జుట్టుకే పెట్టాలి. తల కిందికి వంచి, చివర్లు గుప్పిట్లోకి తీసుకొని పైకి నొక్కాలి. తువ్వాలుతో రుద్దొద్దు, పాత కాటన్ టీషర్టుతో అద్దండి. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు. గట్టిపడి కరకరలాడుతుంది, భయపడొద్దు, పూర్తిగా ఆరినంక గుప్పిళ్లతో నలిపితే మెత్తబడుతుంది. పొడి జుట్టు మీద దువ్వెన పెడితే మాత్రం అంతా గోవిందా. వంకీల జుట్టును తడిమీద, కండిషనర్ ఉన్నప్పుడే, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తియ్యాలి.

సన్న వెంట్రుకలైతే క్రీము మానెయ్యండి, బరువుకు వంకీ సాగిపోతుంది. పలుచటి జెల్ గానీ, నురుగులా వచ్చే మూస్ గానీ చాలు.

నకిరేకల్ కెమిస్ట్రీ:
అందరూ డబ్బాల గురించే కొట్లాడుతున్నారు, బకెట్ సంగతి ఎవరూ ఎత్తరేం? మీ ఇంట్లో హీటర్ కాయిల్ బయటికి తీసి చూడండి. తెల్లగా, గరుగ్గా గార పట్టి ఉంటుంది, గోటితో గీకితే పెచ్చులు లేస్తాయి. కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కాగినప్పుడు మిగిల్చే గార అది. అవే జుట్టుకూ పడతాయి. వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది, రంగు వేసిన జుట్టుకూ దెబ్బతిన్న జుట్టుకూ ఇంకా ఎక్కువ. ధనావేశమున్న కాల్షియం అక్కడ అతుక్కుంటుంది. గరుకైన ఆ వెంట్రుక మీద ఎంత మంచి జెల్ పెట్టినా ఏం లాభం?

నీళ్లలో కరిగిన ఈ కాల్షియం, మెగ్నీషియంల లెక్కనే కాఠిన్యం అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి.

ఇంకో మాట. నల్గొండ అనగానే జుట్టు రాలినా ఫ్లోరైడే, గడ్డిలా అయినా ఫ్లోరైడే అంటారు. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పట్టే బాధ. జుట్టు గరుకవడం కాఠిన్యం పని. పైగా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట కాల్షియం తక్కువ ఉండటం మామూలే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే 'నల్గొండ టెక్నిక్'ను నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దేశదేశాల్లో మన ఊరి పేరుతోనే చెప్పుకుంటారు. అది కూడా జుట్టు కోసం కాదు.

కుంకుడు రసం:
సారూ, మీరు చెప్పింది నా వైపే పోతోంది. సబ్బుతో రుద్దితే ఈ నీళ్లలో తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడుకాయతో కట్టదు. మరి కుంకుడు మేలా, జెల్ మేలా?

నకిరేకల్ కెమిస్ట్రీ:
తెట్టు మాట నిజమే. కుంకుడులో నురుగునిచ్చే సపోనిన్ సబ్బులాగా కాల్షియంతో కలిసి ముద్ద కట్టదు. అయితే మామూలు షాంపూలు కూడా చాలావరకు కట్టవు, వాటిల్లో ఉండేది సబ్బు కాదు కదా. పేరుకున్న గారను కుంకుడు కరిగిస్తుందని మాత్రం అనలేం. దానికి కాల్షియాన్ని పట్టి లాగే ఈడీటీఏ లాంటి రసాయనం కావాలి. చాలా షాంపూల లేబుల్ మీద ఆ పేరు కనబడుతుంది, కానీ చిట్టచివర ఉంటే అది షాంపూ పాడవకుండా వేసిన చిటికెడే. గార తీసే షాంపూ అయితే ముందు వరుసలో ఉంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు చాలు. మగ్గు నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి చివర్లో పోసుకున్నా కొంత ఊడుతుంది. రోజూ వద్దు, వెంట్రుక పొడిబారుతుంది.

మిర్యాలగూడ తమ్ముడు:
అక్కా, మగవాళ్లకూ చెప్పండి. నావీ వంకీలే. మంగలి షాపులో పెట్టే జెల్‌తో హెల్మెట్ తీసేసరికి నెత్తి పలక అవుతుంది.

పాలమూరు పార్లర్ అక్క:
తమ్ముడూ, అది గట్టిగా పట్టే జెల్, పొట్టి క్రాఫును నిలబెట్టడానికి. నువ్వు తడి జుట్టుకు కొంచెం లీవ్-ఇన్ రాసుకొని, పూర్తిగా ఆరినంకే హెల్మెట్ పెట్టు.

అందరికీ ఇంకొకటి. లేబుల్ మీద గ్లిజరిన్ ఎక్కడుందో చూడండి. గాలిలో తేమను బట్టి దాని పని మారుతుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు అది తేమను లాగి జుట్టును ఉబ్బిస్తుంది. మే నెల వడగాలిలో లాగడానికి గాలిలో తేమే ఉండదు, వెంట్రుక ఇంకా ఎండినట్టు అనిపిస్తుంది. చలికాలం బాగుందని మెచ్చుకున్న డబ్బానే ఎండాకాలం తిట్టడం నా దగ్గరకు వచ్చేవాళ్లకు అలవాటే.

డబ్బులు పెట్టబుద్ధి కాకపోతే అవిసె గింజలు ఉడికించండి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు. గుడ్డుసొన లెక్క జారేటప్పుడు దించి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగనే దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. కుంకుడన్నకూ అభ్యంతరం ఉండదనుకుంటా.

స్మూతెనింగ్ చేస్తే నాకే నాలుగు పైసలు, అయినా చెబుతున్నా. కొన్ని మందుల్లోంచి వేడికి ఫార్మాల్డిహైడ్ పొగ వస్తుంది. దాని బదులు గ్లైఆక్సిలిక్ ఆసిడ్ వాడితే మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కొత్త జుట్టు మొలిచినంక పైన వంకీలు, కింద సాపు. ఆ రెండింటి మధ్య అతుకు దాచడానికి మళ్లీ మా దగ్గరికే రావాలి.

నల్గొండ వంకీలు:
అరచేతిలో కలిపి చూశా. నిజంగానే విరిగింది! క్రీము చెల్లికి ఇచ్చేస్తా. మరి నీళ్ల మాటేంటి? భగీరథ నీళ్లతో తలస్నానం చేస్తే పోదా?

కుంకుడు రసం:
ఆ మాట మర్రిగూడ ఆడవాళ్ల ముందు అనండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూసి చూసి, ఎంత కొట్లాడితే వచ్చిన కృష్ణా నీళ్లు! వాటిని వంకీల కోసం మోరీలో పోస్తారా?

నకిరేకల్ కెమిస్ట్రీ:
ఇందులో ఆయనతో నాకు పేచీ లేదు. బోరు నీళ్లే మరగబెట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు వాడండి, కొంత కాఠిన్యం అడుగున దిగుతుంది. వానాకాలం డాబా మీంచి పడే నీళ్లు పట్టుకుంటే ఇంకా నయం, తొలివాన వదిలేసి.

పాలమూరు పార్లర్ అక్క:
గ్యాస్ ఖర్చో మరి? తలంతా బోరు నీళ్లతోనే కడగండి. ఆఖర్న ఒక్క చెంబు మంచి నీళ్లు పోసుకొని, తడి మీదే జెల్ పెట్టండి. ఒక్క చెంబుకు మర్రిగూడవాళ్లు కూడా ఏమీ అనరు.

కుంకుడు రసం:
చెంబు సరే, బకెట్ కాదు. జెల్ మాత్రం ఇప్పటికీ దండగే అంటా.