ఉచిత బీటా నుంచి చందాకు మారేటప్పుడు పాత వాడుకదారులను ఎలా నిలుపుకోవాలి?

పలాస_పిక్క:
పలాస, కాశీబుగ్గల జీడి పరిశ్రమల కోసం మేమిద్దరం ఒక ఆన్‌లైన్ ఖాతా సేవను నడుపుతున్నాము. 80 కిలోల పిక్కల బస్తా గేటు దాటినప్పటి నుంచి గ్రేడు చేసిన పప్పు డబ్బాకెక్కే వరకు ఎంత దిగుబడి వచ్చిందో, ఎంత తరుగు పోయిందో అది చూపిస్తుంది. ఇంతవరకు బీటా (ప్రయోగ దశ) పేరుతో ఉచితంగా ఇచ్చాము. సర్వరు అద్దె, ఎస్సెమ్మెస్‌ల ఖర్చు చేతి నుంచి పెట్టుకోవడం ఇక సాధ్యం కాదు కనుక చందా పెట్టదలచాము. ఇటువంటి మార్పు చేసినవారు తమ అనుభవం చెప్పగలరు.

కోట_జంక్షన్ (విజయనగరం):
మాది ట్యూషన్ కేంద్రాల ఫీజు లెక్కల సేవ. ముందు తేదీని ఖరారు చేసి చెప్పండి. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలై 2009 జూలై దాకా బీటాగానే నడిచింది. కాబట్టి బీటా అని రాసినంత మాత్రాన రేపు డబ్బు అడుగుతారని ఎవరూ అనుకోరు. గూగుల్ ఫోటోస్ వారు మాత్రం 2020 నవంబరులోనే ప్రకటించి, 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపారు. అంతకుముందు ‘హై క్వాలిటీ’లో ఎక్కించిన ఫోటోలను ఉచిత నిల్వ కోటాలో కలపలేదు. మేము ఆ పద్ధతినే అనుసరించి పాత విద్యార్థుల వివరాలను ఉచితంగానే వదిలేసి, కొత్త విద్యా సంవత్సరంలో చేరినవారికే రుసుము లెక్కగట్టాము. గొణిగినవారున్నారు గాని, మోసపోయామన్నవారు లేరు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
వసూలు గురించి చెబుతాను. ఖాతా నుంచి చందా గడువుకు దానంతటదే కట్ అయ్యే యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి, రూ.15,000 వరకు ప్రతిసారీ పిన్ అడగనక్కరలేదు. చిక్కు వేరే చోట ఉంది. మీ సేవను రోజూ వాడేది గుమాస్తా, డబ్బు కట్టేది యజమాని. గుమాస్తా తెరమీద నెలంతా ప్రకటన పెట్టినా అది యజమాని కంటబడదు. రేపు డబ్బు కట్ అవుతుందన్న సందేశం ఫోనుకు రాగానే ఆయన ఆటోపే రద్దు చేసి, గుమాస్తాను నిలదీస్తారు. మా లెక్కల సేవను వాడే రైస్ మిల్లుల వారిలో కొందరు సరిగ్గా ఇదే చేశారు. తర్వాత మేమే వెళ్లి, నిరుడు నూకల తేడా ఎక్కడ పట్టుబడిందో వారి లెక్కల నుంచే తీసి కాగితం మీద చూపించాము. బేరమాడారు, కట్టారు.

జీఎస్టీ విషయానికొస్తే, సేవల వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేకుండా బిల్లులో పన్ను వేయకూడదు. దాటాక 18 శాతం కలుస్తుంది, ధర పెట్టేటప్పుడే అది చూసుకోండి.

రాజాం_గుమాస్తా:
నేను వాడేవాడి వైపు నుంచి మాట్లాడుతున్నాను. మా మిల్లులో వాడిన ఒక సేవ, గడువు తీరిన ఉదయమే లాగిన్ మూసేసింది. గోనెనార కొనుగోలు చీటీలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ నెలకు కట్టాము, లెక్కలు బయటికి తీసుకున్నాక వదిలేశాము. చందా లేకపోతే కొత్త నమోదులు ఆపండి గాని, పాతవి చూసుకోవడానికీ, ఎక్సెల్‌లోకి దించుకోవడానికీ దారి ఉంచండి.

పలాస_పిక్క:
అందరికీ కృతజ్ఞతలు. నెలవారీ చందా ఆలోచన మానుకున్నాము. స్థానిక పిక్క వేసవిలో వస్తుంది. ఆ రోజుల్లో యజమానుల సొమ్మంతా సరుకులోనే ఇరుక్కుని ఉంటుంది కనుక, ఏడాది చందా పెట్టి, దీపావళి గిరాకీ ముగిశాక కట్టేలా గడువు పెడతాము. ఆరు నెలల ముందే యజమానులకు నేరుగా చెబుతాము. చిన్నవారికి కొన్ని బస్తాల వరకు ఎప్పటికీ ఉచితంగా ఉంచాలని ఉంది.

కోట_జంక్షన్:
ఆ చివరిది నేను ఒప్పుకోను. పెద్ద పరిశ్రమే అన్న పేర ఒకటి, తమ్ముడి పేర ఒకటి ఖాతా తెరిచి సరుకును పంచి రాసుకుంటుంది. ఉచితమే ఇవ్వదలిస్తే జీఎస్టీ నంబరుకు ఒక్క ఖాతా అని కట్టడి చేయండి.

పలాస_పిక్క:
ఇళ్లలో పిక్క ఒలిపించే చిన్నవారిలో చాలామందికి ఆ నంబరే ఉండదండీ. వారికి సగం ధర పెట్టి, ఉచిత పథకం పూర్తిగా తీసేస్తే ఎలా ఉంటుందో చూస్తున్నాము.