స్పానిష్ ప్రధానాంశంగా డిగ్రీ: నాన్నకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: రాజాం విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది రాజాం. ఇంటర్ రెండో సంవత్సరం, హెచ్‌ఈసీ. డిగ్రీలో స్పానిష్ భాష, ఆ భాష మాట్లాడే దేశాల చరిత్ర, సాహిత్యం ప్రధానంగా చదవాలని ఉంది. ఫోనులో ఉచిత పాఠాలతో మొదలుపెట్టాను. ఇప్పుడు చిన్న వార్తలు చదివితే సగం వరకు అర్థమవుతున్నాయి.

ఇంట్లో చెబితే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, "మన కిరాణా కొట్టుకు స్పెయిన్ నుంచి ఎవరైనా వస్తున్నారా?" అన్నారు. అమ్మ టీచరు కోర్సు చేయమంటోంది. విశాఖలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఆరు నెలల్లో అనర్గళంగా మాట్లాడిస్తామంటున్నారు కానీ ఫీజు మొత్తం ముందే కట్టాలట.

హెచ్‌ఈసీతో సీటు వస్తుందా? ఎక్కడ చదవాలి? చదివాక పని దొరుకుతుందా? దయచేసి తిట్టకుండా చెప్పండి.

జవాబు: కవిటి నావికుడు

అమ్మా, నాకు కాలేజీల సంగతి తెలియదు. సరుకు ఓడలో ఇంజిను గదిలో పని చేస్తాను. పెరూలో కయావో, ఈక్వడార్‌లో గ్వాయకీల్ రేవులు చూశాను. ఓడ మీద ఇంగ్లీషుతో నడిచిపోతుంది. గేటు దాటి మందుల దుకాణానికి వెళ్తే మాత్రం చేతులు తిప్పుకోవాల్సిందే. ఒకసారి పంటి నొప్పికి మాత్ర కొనడానికి దవడ పట్టుకుని నాటకం ఆడాను. కొట్టామె నవ్వి, మాత్రతో పాటు ఉప్పు పొట్లం కూడా చేతిలో పెట్టింది.

మీ నాన్నగారికి ఒక మాట చెప్పు. మన తీరంలో చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు ఆ పసిఫిక్ తీరమే. రొయ్యల ఎగుమతిలో ఇప్పుడు మనకు గట్టి పోటీ ఈక్వడార్. ఆ వ్యాపారం చేసేవాళ్లకు అక్కడి మాట తెలిసిన మనిషి అక్కరకు రాకుండా పోడు. ఇంకొకటి, బ్రెజిల్‌ను ఈ లెక్కలో కలుపుకోవద్దు. అక్కడ పోర్చుగీసు.

జవాబు: బొబ్బిలి అనువాదకురాలు

చెల్లీ, నేను చదివింది ఇదే, తింటున్న అన్నం కూడా దీనిదే. అందుకని కాస్త ఎక్కువే రాస్తాను.

హెచ్‌ఈసీ అడ్డు కాదు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది, ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉంది. మూడింటిలోనూ స్పానిష్‌లో బీఏ ఆనర్స్ ఉంది, అక్షరం రానివాళ్లు కూడా చేరవచ్చు. జేఎన్‌యూకు 2022 నుంచి సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఇఫ్లూ ప్రవేశ ప్రకటన వాళ్ల వెబ్‌సైటులోనే చదువు, మధ్యవర్తుల మాట వినకు. సీట్లు తక్కువ కాబట్టి ఒక్కదానికే దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు.

చాలామంది తడబడేది ఎక్కడో చెబుతాను. మొదటి ఏడాది హాయిగా ఉంటుంది. మన క్రియకు లాగే వాళ్ల క్రియకూ చివర్లోనే నేనా, నువ్వా, వాళ్లా అన్నది తెలిసిపోతుంది. నువ్వు, మీరు తేడా వాళ్లకూ ఉంది. త, ద పలకడానికి మన నాలుకకు కష్టమే లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లల కంటే నేనే ముందు గాడిలో పడ్డాను, ఆ గర్వం ఇప్పటికీ ఉంది. కోరిక, అనుమానం, భయం చెప్పేటప్పుడు క్రియ వేరే రూపు తొడుక్కుంటుంది. అది ఒంటికి పట్టడానికి మాత్రం చాలా కాలం పడుతుంది.

రెండో ఏడాది నుంచి అసలు చదువు. 1492 ఒక్క సంవత్సరం చూడు. జనవరిలో స్పెయిన్ గడ్డ మీద చివరి ముస్లిం రాజ్యం గ్రనాడా లొంగిపోయింది. ఆగస్టులో కొలంబస్ ఓడలు బయలుదేరాయి. యూదులను దేశం వదిలి పొమ్మన్నదీ, నెబ్రిహా అనే పండితుడి తొలి కాస్తీలియన్ (అంటే స్పానిష్) వ్యాకరణం అచ్చయిందీ ఆ ఏడాదే. ఈ నాలుగింటికీ ఉన్న సంబంధాన్ని స్పానిష్‌లో రెండు పేజీల్లో రాయమన్నారు మమ్మల్ని. మాట్లాడటం నేర్చుకుందామని వచ్చినవాళ్లలో కొందరు ఆ వారమే ఇంటికి ఫోన్లు చేశారు. తర్వాత దక్షిణ అమెరికా స్వాతంత్ర్యం కోసం బొలీవర్ చేసిన యుద్ధాలు, 1910 మెక్సికో విప్లవం, 1936–39 స్పెయిన్ అంతర్యుద్ధం, 1975లో పోయేదాకా నియంత ఫ్రాంకో పాలన. మెక్సికో కవి ఒక్తావియో పాస్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో రాయబారిగా ఉన్నారు. తమ ప్రభుత్వం విద్యార్థులపై కాల్పులు జరిపించిందని ఆ పదవి నుంచి తప్పుకున్నారు. ఇలాంటివి చదివితే నిద్ర పట్టని రకం అయితే రా. పాటలు బాగున్నాయని మాత్రమే అయితే ఫోనులో పాఠాలు చాలు.

పని సంగతి. బీఏ పట్టా ఒక్కటి చూపించి జీతం అడిగితే ఎవరూ లేచి నిలబడరు. డెలే అనే పరీక్ష ఉంది, స్పెయిన్ ప్రభుత్వ సంస్థ సెర్వాంతెస్ ఇస్తుంది. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు, ఒకసారి వస్తే గడువు తీరదు. డిగ్రీ అయ్యేసరికి నాలుగో మెట్టు బీ2 చేతిలో ఉండాలి. దాని పక్కన ఇంకో విద్య పెట్టుకో: అకౌంట్సో, ఎగుమతి కాగితాలో, కంప్యూటరో. నేను నిలబడింది ఔషధ కంపెనీల కాగితాలు అనువదించి. మాత్రల డబ్బాలో మడిచి పెట్టే ఆ సన్నటి కాగితం చూశావా? అందులో మోతాదు దగ్గర చుక్క, కామా తారుమారైతే ఏమవుతుందో ఊహించుకో. స్పెయిన్‌లో దశాంశానికి కామా పెడతారు, మెక్సికోలో చుక్క. ఈ తేడా పట్టినందుకే ఒకాయన నన్ను నెల జీతం మీద పెట్టుకున్నారు.

నాన్నగారికి దగ్గరి ఉదాహరణ కావాలంటే అనంతపురం చూపించు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ గ్రామీణాభివృద్ధి పని మొదలుపెట్టారు. స్పెయిన్ దాతలకూ మన పిల్లలకూ మధ్య ఉత్తరాలు నడవాలంటే రెండు భాషలూ తెలిసినవాళ్లు కావాల్సిందే.

ఆ శిక్షణ సంస్థకు డబ్బు కట్టకు. ఆరు నెలల్లో అనర్గళం అన్నవాడికి స్పానిష్ అయినా రాదు, సిగ్గయినా లేదు.

జవాబు: విజయనగరం కంటోన్మెంట్ మాస్టారు

పై అమ్మాయి చెప్పినదాంట్లో నేను సరిదిద్దేది ఏమీ లేదు. తల్లిదండ్రుల వైపు నుంచి ఒక మాట. ఇది గుర్తింపు ఉన్న డిగ్రీయే కాబట్టి గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ దారి మూసుకుపోదు. కానీ సివిల్స్ ఐచ్ఛికాల్లో స్పానిష్ సాహిత్యం లేదు, చరిత్రో మరొకటో పట్టుకోవాలి. ఇంట్లో ససేమిరా అంటే దూరవిద్య నడిపే ఇగ్నోలో స్పానిష్ భాషా సంస్కృతులపై సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఊళ్లో ఏదో ఒక డిగ్రీ చేస్తూ అది చదవవచ్చు. నా దృష్టిలో అది రెండో ఎంపికే.

గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు పాఠాలు రాశారు, 1931లో వ్యాకరణం అచ్చు వేశారు. పరాగ్వేలో స్పానిష్‌తో పాటు అక్కడి ఆదివాసుల గ్వారానీ 1992 రాజ్యాంగం ప్రకారం అధికార భాష. సీతంపేట కొండల్లో సవర మాట విన్న పిల్ల ఆ పాఠం దగ్గర ఢిల్లీ పిల్లల కంటే మంచి ప్రశ్న అడుగుతుంది. ప్రవేశానికి వ్యాసం రాయమంటే అదే రాయి.

రాజాం విద్యార్థిని

అందరికీ చాలా థాంక్స్. నాన్నకు మొత్తం చదివి వినిపించాను. రొయ్యల దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు! ఆయనవి రెండు సందేహాలు: ఆ ఉద్యోగాలన్నీ రాత్రి పూటేనా? ఢిల్లీ ఎలా వెళ్లి రావడం?

బొబ్బిలి అనువాదకురాలు

అనువాదానికి వేళతో పని లేదు, గడువుతోనే. ఫోనులో మాట్లాడే ఉద్యోగమైతే గడియారం చూసుకోవాలి. స్పెయిన్ మన కంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. అంటే మధ్యాహ్నం మొదలై రాత్రి భోజనాల వేళకు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. మెక్సికో నగరం పదకొండున్నర గంటలు వెనక, అది పూర్తిగా రాత్రి పనే. చేరేముందే ఏ దేశమో అడగమను.

ఢిల్లీకి విజయనగరంలో సమతా ఎక్కితే నిజాముద్దీన్‌లో దిగవచ్చు. హైదరాబాద్‌కు శ్రీకాకుళం రోడ్డులో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది. నా ఓటు హైదరాబాద్‌కే, పండక్కి ఇంటికి రావచ్చు. సీయూఈటీ మాత్రం ఎలాగూ రాయి.