బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను, ఎంత నడిచినా గుండె వేగం 110 దాటడం లేదు

పెన్నాగట్టు:
అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్లు, మాది నెల్లూరు మూలాపేట. ఏడాదిగా బీపీకి మెటోప్రొలాల్ 50 వేసుకుంటున్నాను. రోజూ తెల్లవారుజామున ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడుస్తాను. మావాడు కొనిచ్చిన వాచీ నా గుండె వేగం 130కి చేరాలంటోంది. ఎంత గట్టిగా నడిచినా 108, 110 దగ్గరే ఉంటోంది. మొన్న పంతం పట్టి రెండు రౌండ్లు పరిగెత్తాను. ఆగి నిలబడ్డానో లేదో కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. మాత్ర పవర్ ఎక్కువైందేమో, ఒక వారం మానేసి చూద్దామా అనుకుంటున్నా.

కావలి అక్క:
మానొద్దు తమ్ముడూ! మా ఇంటాయన నీ మాత్ర రకమే, అటెనొలాల్ వాడేవారు. గొలగమూడి వెంకయ్యస్వామి గుడికి కాలినడకన పోతూ "నాలుగు రోజులే గదా" అని మాత్రలు ఇంట్లోనే పెట్టిపోయారు. మూడో రోజుకి ఒకటే గుండె దడ. ఆస్పత్రిలో చూస్తే బీపీ 190/110. ఈ రకం మాత్రలు ఒక్కసారిగా ఆపితే గుండె మీద ఎదురు తిరుగుతాయంట. తగ్గించాలన్నా డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి.

వెల్లుల్లి వైద్యం:
పొద్దున్నే రెండు వెల్లుల్లి రెబ్బలు నమిలితే చాలు, మాత్రలతో పనేముంది?

కావలి అక్క:
మా ఇంట్లో పచ్చడికి రోజూ ఒక గడ్డ వెల్లుల్లి పోతుంది. అయినా ఆయనకి బీపీ వచ్చింది.

ఒంగోలు మందులషాపు:
అన్నా, నీ గుండె బాగానే ఉండొచ్చు, ఆ లెక్కే నీకు సరిపోదు. వాచీ 220లోంచి వయసు తీసేస్తుంది. నీకు 173 వస్తుంది, అందులో ముప్పాతిక భాగం ఆ 130. నువ్వు మాత్ర వేసుకున్న సంగతి దానికేం తెలుసు? పేరు చివర 'లాల్' అని వచ్చే బీపీ మాత్రల పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. దాన్ని ఓడించాలని పరిగెత్తితే ఒళ్లు అలుస్తుంది, అంతే.
కొలత కావాలంటే నోరే కొలత. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా రోజుకి అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు నడిస్తే చాలు.
కళ్లు తిరగడం ఎందుకంటే, పరుగులో కాళ్లలో రక్తనాళాలు వెడల్పవుతాయి. టక్కున ఆగితే రక్తం అక్కడే నిలిచి బీపీ పడిపోతుంది. పైగా మాత్ర ఉంది. చివరి పది నిమిషాలు నిదానంగా నడిచి ఆగు. అయినా ఒకసారి కూలబడ్డావు కాబట్టి డాక్టరుకి చెప్పకుండా వదిలేయకు. గుండెలో నొప్పో, స్పృహ తప్పడమో అయితే ఇక్కడ అడుగుతూ కూర్చోక వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

కొత్తపట్నం:
నా బీపీ మాత్ర అమ్లోడిపిన్. సాయంత్రానికి చీలమండలు వాచేవి. బీచిలో ఇసకలో నడిచి నరం పట్టిందనుకుని నెల రోజులు నూనె రుద్దించుకున్నా. తీరా చూస్తే మాత్ర వల్ల.

కనిగిరి ఎండ:
నాకు నీరు తీసే మాత్ర కూడా ఉంది. పోయిన రోహిణి కార్తెలో ఏడున్నరకి నడక మొదలెట్టి, సగం దారిలో పిక్కలు పట్టేసి ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయా. పరీక్షలో పొటాషియం తక్కువని తేలింది. ఇప్పుడు ఆరు లోపే నడక ముగించి, కొబ్బరి బోండాం తాగుతున్నా.

ఒంగోలు మందులషాపు:
అది చూసి అందరూ బోండాలు మొదలెట్టొద్దు. టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్లకి, ముఖ్యంగా కిడ్నీలు సరిగా లేనివాళ్లకి పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. అడిగి తాగండి.

జిమ్ కుర్రోడు:
నాకు 31కే బీపీ. ఊపిరి బిగపట్టి బరువులెత్తేవాణ్ణి. అలా బిగపడితే ఆ క్షణాన బీపీ ఎక్కడికో పోతుందంట. ఇప్పుడు తక్కువ బరువు, ఎక్కువ సార్లు. ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతున్నా.

పెన్నాగట్టు:
డాక్టరుకి చూపించుకున్నాను. ఈసీజీ బాగుంది, మాత్ర అదే. వాచీలో ఆ 130 తీసేయించాను. నాతో నడిచే రిటైర్డ్ మాస్టారితో కబుర్లు చెప్పగలిగినంత వేగమే ఇప్పుడు నా వేగం. ఇన్నాళ్లూ నడిచి రాగానే బీపీ చూసుకుని టెన్షన్ పడేవాణ్ణి. అరగంట ఆగి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూస్తే 128/82. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. ఆదివారం ఎండు నెత్తళ్ల (ఉప్పు చేపల) సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.